మీ కథల్లో అమ్మాయిలు ఎవరి మాటా వినరా? - తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పిల్లల కథలు రాస్తాను. ఉండేది విశాఖపట్నంలో. బడులకు వెళ్లినప్పుడు, గ్రంథాలయంలో కథలు చెప్పినప్పుడు, ఒక్కోసారి బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడుస్తున్నప్పుడు కూడా పిల్లలూ, అమ్మానాన్నలూ, టీచర్లూ కొన్ని ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. నిలబడి చెప్పే జవాబు సగంలోనే ఆగిపోతుంది, ఈలోగా ఎవరి బస్సో వచ్చేస్తుంది. అందుకని తీరిగ్గా ఇక్కడ రాసి పెడుతున్నాను. ప్రశ్నల వరసకు పెద్ద అర్థమేమీ లేదు, మీక్కావలసింది వెతుక్కోండి.

మీ కథల్లో ఎప్పుడూ అమ్మాయిలే ఉంటారేం?

ఎప్పుడూ కాదు. అబ్బాయిలున్నారు, తాతలున్నారు, ఒక కథలో అయితే రుషికొండ ఇసుకలో తిరిగే పీతలు తప్ప ఎవరూ లేరు. అయినా ఈ ప్రశ్న ఆగదు. అడిగేవాళ్లకు ఇబ్బందిగా ఉన్నది కథలో అమ్మాయి ఉండటం కాదని నా అనుమానం. పాత కథల్లోనూ అమ్మాయి ఉంటుంది. ఒంటిస్తంభం మేడలో ఉంటుంది, రాక్షసుడి చెరలో ఉంటుంది, స్వయంవరంలో దండ పట్టుకుని నిలబడుతుంది. పందెం మాత్రం వాళ్ల నాన్న పెడతాడు.

నాకో అలవాటుంది. రాయడం అయ్యాక కథ ఎక్కడ మలుపు తిరిగిందో చూసి, ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీస్తాను. అక్కడ పని చేసింది ఎవరు? మామయ్య వచ్చి కాపాడాడా, టీచరు చెప్పిందా, వాన దానంతటదే ఆగిందా? అలాగైతే అంతకుముందు పేజీల్లో ఆ అమ్మాయి ఎన్ని చెట్లెక్కినా, ఎన్ని సైకిల్ పందేలు గెలిచినా లెక్కలోకి రాదు. నిర్ణయం ఆమెది కావాలి. అది తప్పుడు నిర్ణయమైనా ఫర్వాలేదు, ఆమెదైతే చాలు.

వాళ్లకు భయం వెయ్యదా ఆంటీ? (నాలుగో తరగతి అబ్బాయి)

వేస్తుంది నాన్నా, బాగా వేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదకు వచ్చినప్పుడు నువ్వింకా పుట్టలేదు. మీ అమ్మనడుగు. కిటికీ అద్దాలు పగిలిపోతుంటే, చెట్లు వేళ్లతో సహా లేచిపోతుంటే భయం వెయ్యలేదని ఎవరైనా అంటే నమ్మకు.

ఆ తుపాను తర్వాతి రోజుల మీద ఒక కథ రాశాను. కరెంటు లేదు, మోటారు ఆడదు, అపార్ట్‌మెంట్ పైన ట్యాంకులో నీళ్లు కొంచెమే ఉన్నాయి. ఇంటికి ఎన్ని బిందెలో తేలక పెద్దవాళ్లు మెట్ల మీద గొడవ పడుతుంటారు. లెక్కలు బాగా వచ్చిన ఒక అమ్మాయి సుద్దముక్కతో గోడ మీద లెక్క వేస్తుంది. మనిషికింత, నెలల పాప ఉన్న ఇంటికి ఇంకో బిందె ఎక్కువ. ఆ ఎక్కువ బిందె దగ్గరే అసలు గొడవ. ఆ అమ్మాయికి చీకటంటే భయం. కథ అయ్యేదాకా ఆ భయం పోదు. ట్యాంకు దగ్గరకు తమ్ముణ్ణి తోడు తీసుకునే వెళ్తుంది. చివర్లో భయం పోయినట్టు రాయమని చాలామంది పిల్లలు అడిగారు. నేను రాయలేదు.

పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం నేర్పుతున్నారని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

కొందరేమిటి, చాలామందే అంటారు. కాకపోతే మర్యాదగా అంటారు. "మేడమ్, కథ బావుంది గానీ ఆ పిల్లకి కాస్త నోరెక్కువ." అదే మాట అబ్బాయి అని ఉంటే "వీడు హుషారండీ" అనేవాళ్లు.

రెండు జరిగిన సంగతులు చెబుతాను. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడే ఖాదీ ప్రదర్శన కూడా పెట్టారు. టికెట్ లేకుండా ఎవరినీ లోపలికి పంపొద్దని వాలంటీర్లకు చెప్పారు. గుమ్మం దగ్గర నిలబడిన పద్నాలుగేళ్ల పిల్ల జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. నిర్వాహకులు పరుగెత్తుకొచ్చి టికెట్ కొనిచ్చాకే ఆయన్ను లోపలికి వెళ్లనిచ్చింది. ఆ పిల్ల దుర్గాబాయి. తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె ఎవరినైనా ఎదిరించిందా? అప్పజెప్పిన పని అప్పజెప్పినట్టు చేసింది, అంతే. ఎదురుగా ఉన్న మనిషి ఎంత పెద్దవాడన్నది ఆ పనిలో లేదు.

రెండోది మన ఊరి అమ్మాయి సంగతి. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలు, వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్. తుపాకీ పేలకముందే పక్కన ఉన్న చైనా క్రీడాకారిణి కదిలింది. అధికారులు ఆమెతో పాటు మన జ్యోతి యర్రాజీని కూడా పోటీ నుంచి తప్పించబోయారు. జ్యోతి పక్కకు వెళ్లిపోయి ఏడుస్తూ కూర్చోలేదు. అధికారుల దగ్గరకెళ్లి వాదించింది. రీప్లే చూశారు. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. ఆ టెన్షన్‌లోనే పరుగెత్తి మూడో స్థానంలో వచ్చింది. తర్వాత చైనా అమ్మాయిపై వేటు పడటంతో జ్యోతికి రజతం దక్కింది. నేను బడుల్లో ఈ సంగతి చెప్పేటప్పుడు పతకం దగ్గర కాదు, వాదన దగ్గర ఆగుతాను. వేల మంది చూస్తుండగా, పరాయి దేశంలో, గుండె దడదడలాడుతుండగా "నేను ముందు కదల్లేదు" అని చెప్పి, ఆ మాట మీద నిలబడటం ఎంత కష్టమో ఆలోచించండి. మనం బజార్లో చిల్లర తక్కువిచ్చినా అడక్కుండా వచ్చేస్తాం.

ఆ ఇద్దరికీ రూలు తెలుసు. తెలుసు కాబట్టే కాళ్లు కదల్లేదు. నా కథల్లో అమ్మాయిలు పెద్దవాళ్లను "అండీ" అనే పిలుస్తారు. "లేదండీ, అలా కాదండీ" అంటారు. అందులో "లేదు" ఒక్కటే వినిపించి "అండీ" వినిపించకపోతే నేనేం చెయ్యను?

ఒక పెద్దావిడ మాత్రం నేరుగా అడిగారు, ఇలాంటి కథలు చదివితే రేపు అత్తారింట్లో ఎలా వేగుతుందమ్మా అని. ఆ పిల్లకు ఎనిమిదేళ్లు. నేను నవ్వి ఊరుకున్నాను. కాసేపటికి అదే ఆవిడ వీధిలో వంజరం చేప బేరం చేస్తుంటే విన్నాను. నా కథల్లో ఏ పిల్లకీ అంత నోరు లేదు.

మా పాప నలుగురిలో అసలు నోరు విప్పదు. ఆత్మవిశ్వాసం పెరగడానికి ఏ పుస్తకం కొనమంటారు?

పుస్తకం సంగతి తర్వాత. ముందు మీరో పని చెయ్యండి. ఎవరైనా మీ పాపను "నీ పేరేంటమ్మా?" అని అడిగితే మీరు జవాబు చెప్పకండి. ఇది నేను తమాషాకి అనడం లేదు. కథ చెప్పడానికి వెళ్లిన ప్రతిచోటా చూస్తాను. నేను పిల్లను అడుగుతాను, పేరూ క్లాసూ రోల్ నంబరూ అమ్మ చెబుతుంది. ఆపైన "చాలా సిగ్గండీ దీనికి" అని కూడా అమ్మే చెబుతుంది. పిల్లకు మాట్లాడే వంతు ఎక్కడ వచ్చింది?

అయిదు సెకన్లు ఆగండి. పది ఆగండి. ఆ మౌనం మీకు కష్టంగా ఉంటుంది, పిల్లకు అంత కష్టం కాదు, తను మాటలు వెతుక్కుంటోంది. హోటల్‌కి వెళ్తే తనకేం కావాలో సర్వర్‌కి తననే చెప్పనివ్వండి. సిటీ బస్సులో టికెట్ తననే అడగనివ్వండి. ఒకసారి తప్పు స్టాపు పేరు చెబుతుంది. చెప్పనివ్వండి.

ఇంకోటి. తక్కువ మాట్లాడటమూ ఆత్మవిశ్వాసం లేకపోవడమూ ఒకటి కాదు. మైకు పట్టుకుని గడగడా బట్టీ చెప్పే పిల్లల్ని చాలామందిని చూశాను. మధ్యలో ఒక వాక్యం మర్చిపోతే వాళ్ల కళ్లు వెంటనే అమ్మ వైపు తిరుగుతాయి. నాలుగు మాటలే మాట్లాడినా సొంత మాటలు మాట్లాడే పిల్ల నాకు ఇష్టం. నా కథల్లో అలాంటివాళ్లు ఎక్కువ. ఒక కథలో హీరోయిన్ మొత్తం కలిపి మూడు వాక్యాలే అంటుంది.

కథలు ఎక్కడి నుంచి వస్తాయి?

ఎక్కువగా పిల్లల ప్రశ్నల్లోంచి వస్తాయి. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది కదా. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, ఆ తర్వాత ఒడ్డెక్కి మ్యూజియం అయింది. లోపల ఇరుకు దారిలో ఒక చిన్న పిల్ల నా ముందు నడుస్తూ వాళ్ల నాన్నను అడిగింది: "ఇందులో లేడీస్ ఉండేవాళ్లా?" లేరమ్మా అన్నాడాయన. కొంచెం ముందుకెళ్లాక వంటగది వచ్చింది. పిల్ల ఆగిపోయింది. "మరి వంట ఎవరు చేసేవారు?" మగవాళ్లేనమ్మా. ఆ మాటకు పిల్ల నవ్విన నవ్వు బయటికొచ్చేదాకా ఆగలేదు. నాన్న మాత్రం నవ్వలేదు, ఏదో ఆలోచనలో పడ్డాడు. ఆ రాత్రే కథ మొదలుపెట్టాను. జలాంతర్గామిలో వంటవాడైన నాన్న సెలవులకు ఇంటికొస్తాడు, కూతురు ఆయన దగ్గర పరాటాలు చెయ్యడం నేర్చుకుంటుంది, బదులుగా ఆయనకు ఈత నేర్పుతుంది. (జలాంతర్గామి నాన్నకు ఈత రాకపోవడం ఎలా కుదురుతుందని ఒక నేవీ ఆఫీసరుగారు కోప్పడ్డారు. కథలోంచి ఈత తీసేసి సైకిల్ పెట్టాను.)

తర్వాత చెప్పుకోవలసింది ఫిషింగ్ హార్బర్. తెల్లవారుతుండగా బోట్లు వచ్చే వేళకు వెళ్లి నిలబడితే చాలు. వేలంపాటలో రేటు కట్టే ఆడవాళ్లను చూడండి. గంపలో చేపను చేత్తో ఎత్తి, మొప్ప ఒక్కసారి తిప్పి చూసి, ఎంతకు కొనాలో, ఎంతకు అమ్మాలో అక్కడికక్కడే లెక్క కట్టేస్తారు. ఆ చేతులు చూసి నేర్చుకున్నంత నేను వేరే ఎక్కడా నేర్చుకోలేదు.

పాత కథలు పిల్లలకు చెప్పొద్దంటారా?

భలేవారే. ఏడు చేపల కథ చెప్పకుండా నేను ఏ బడిలోనూ మొదలుపెట్టను. కాకపోతే చెప్పాక ఒక్క ప్రశ్న వేస్తాను: రాజుగారికి ఏడుగురు కొడుకులు కాకుండా ఏడుగురు కూతుళ్లయితే?

ఊరి మధ్య బడుల్లో పిల్లలు ముందు అసలు కథ మీదే అనుమానపడతారు. వేటకెళ్తే జింకలు తేవాలి గానీ చేపలేంటి అంటారు. జాలరిపేట వైపు పిల్లలకు ఆ అనుమానమే రాదు. వాళ్ల నాన్నలు రోజూ వెళ్లేది వేటకే. ఆ పిల్లలు తప్పు పట్టుకునేది వేరే చోట. ఒక అమ్మాయి చెయ్యి కూడా ఎత్తకుండా లేచి నిలబడింది. "ఏడో చేప ఎండకపోడానికి గడ్డిమోపు మీద పడతారేంటి టీచర్? తిరగెయ్యలేదు, అందుకే ఎండలేదు. మధ్యాహ్నం ఒకసారి తిరగెయ్యాలి." వాళ్లమ్మ ఎండుచేపలు అమ్ముతుందట. వాళ్లింట్లో చేపలు తిరగేసేది తనే.

సరే, ఏడో కూతురు తిరగేసింది, చేప ఎండింది. కథ అయిపోయింది. క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి కూర్చోలేదు. ఆలోచించి, "అయితే మబ్బేసింది టీచర్" అంది. ఏడు చేపలు, మబ్బు పట్టిన ఆకాశం, నాన్న సముద్రం మీద ఉన్నాడు. ఇప్పుడు తీసి లోపల పెట్టాలా, ఎండ వస్తుందని ఆగాలా? అరగంట సేపు క్లాసు రెండు జట్లుగా విడిపోయి కొట్టుకుంది. చీమా, ఆవూ, గడ్డిమోపూ ఎవరికీ గుర్తు రాలేదు.

అసలు కథలో ఉన్న ఒకే ఒక ఆడమనిషి అవ్వ, ఆవిడ పని బువ్వ పెట్టడం. దాన్ని విమర్శించడానికి నాకు మనసొప్పదు, ఆ కథ లయ అంత గొప్పది. పక్కన ఇంకో కథ పెడితే సరిపోతుంది.

మీ కథల్లో శ్రీకాకుళం, విజయనగరం యాస ఎందుకు? పిల్లల తెలుగు పాడవదా?

కథ చెప్పే భాష మామూలు తెలుగే. మాట్లాడేటప్పుడు మాత్రం మా పిల్లలు మా పిల్లల్లాగే మాట్లాడతారు. "బేగి రాయే, బస్సెల్లిపోతాది" అనే పిల్లను తీసుకొచ్చి "త్వరగా రావే, బస్సు వెళ్లిపోతుంది" అనిపిస్తే ఆ పిల్ల నోరు నొక్కినట్టే. ఇన్నాళ్లూ మన సినిమాల్లో, నాటికల్లో ఉత్తరాంధ్ర యాస వస్తే నవ్వులాటకే వచ్చింది. పనిమనిషికీ, జోకరుకీ ఇచ్చారు. తెలివైన నిర్ణయం తీసుకునే పిల్ల నోట ఆ మాటలు వినపడితే చదివే పిల్లలకు ఏమవుతుందో నాకు తెలుసు. వెనక బెంచీలో ఎవరో ఒకరు నిటారుగా కూర్చుంటారు.

బొమ్మలు మీరే వేస్తారా?

వెయ్యను, చేతకాదు. చందమామ ముఖచిత్రాలతో మనందరికీ గుర్తుండిపోయిన వడ్డాది పాపయ్యగారు పుట్టింది మన శ్రీకాకుళంలోనే. ఆ గాలి నాకు సోకలేదు. చిత్రకారులతో ఒక్క విషయంలోనే పేచీ పెడతాను. అమ్మాయి బొమ్మ వెయ్యగానే తెల్లని రంగూ, గులాబీ గౌనూ దానంతటవే వచ్చేస్తుంటాయి. సముద్రం ఒడ్డున ఎండలో తిరిగే పిల్ల నల్లగానే ఉంటుందండీ. మోకాలి మీద గీరుకుపోయిన గుర్తు కూడా వెయ్యమంటాను.

అంత చిన్న పుస్తకం రాయడానికి ఎంతసేపు పడుతుంది?

పెద్ద పుస్తకం రాయడానికి పట్టేంత. అచ్చులో పెద్ద షీటు మీద పేజీలు వేసి మడత పెడతారు కాబట్టి బొమ్మల పుస్తకాలు 16, 24, 32 పేజీల్లో ఉంటాయి. కథ పదిహేడో పేజీకి వెళ్తానంటే కుదరదు. ప్రతి కుడి పేజీ చివర పిల్ల పేజీ తిప్పాలనుకోవాలి. ఆ తిప్పడం కోసమే వాక్యం అక్కడ ఆపుతాం.

చిన్నపిల్లలకైతే ఇంకో చిక్కు. గుణింతాలు దాటి ఒత్తుల దగ్గర తడబడే వయసు అది. ఒక పేజీలో నాలుగైదు ఒత్తులు వచ్చాయంటే చదవడం ఆపేసి బొమ్మ చూస్తారు. అందుకని తేలిక మాటలు వెతకాలి. అలాగని కథ తేలికైపోకూడదు. ఒత్తుల్లేకుండా ఒక అమ్మాయి కోపం రాయడానికి నేను పడిన తిప్పలు మా ఇంట్లోవాళ్లకు తెలుసు. రాసింది గట్టిగా చదువుతాను. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ కొట్టేస్తాను.

చివర్లో నీతి ఎందుకు రాయరు?

పిల్లలు దాన్ని వదిలేసి తర్వాతి కథకు వెళ్లిపోతారు కాబట్టి. టీచర్లకు కావాలంటే పిల్లల్నే అడగండి. మనం అనుకోనివి చెబుతారు. బిందెల కథ చదివి ఒక అబ్బాయి "సుద్దముక్క ఎప్పుడూ జేబులో ఉంచుకోవాలి" అన్నాడు.

అబ్బాయిలు ఈ పుస్తకాలు చదువుతారా?

చదువుతారు, పెద్దవాళ్లు అడ్డు రాకపోతే. పుస్తకాల స్టాల్లో ఒకాయన కొడుకు చేతిలోంచి పుస్తకం తీసుకుని "ఇది చెల్లికి రా" అని పక్కన పెట్టడం చూశాను. అట్ట మీద అమ్మాయి ఉంది, అంతే. ఆ చెల్లి ఇన్నాళ్లూ అబ్బాయిల బొమ్మలున్న పుస్తకాలు హాయిగా చదువుకుంటూనే ఉంది. అవి అన్నయ్యకని ఆమెకెవరూ చెప్పలేదు. సాటి పిల్ల ఒక నిర్ణయం తీసుకుంటే ఆమె వెనక నడవడం ఎలా ఉంటుందో కూడా అబ్బాయిలు ఎక్కడో ఒకచోట చదవాలి.

ఫోన్ వదలడం లేదు, ఏం చెయ్యమంటారు?

రాత్రి పడుకునే ముందు మీరు ఫోన్ పక్కన పెట్టి ఒక కథ చదివి వినిపించండి. వేరే చిట్కా నాకు తెలియదు.

నాకూ పిల్లల కథలు రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదట చదవండి. 1945లో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు "బాల" పత్రిక మొదలుపెట్టారు. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అంటే పాతవాళ్లకు బాగా తెలుసు. 1947 జులైలో చందమామ వచ్చింది. పాత సంచికలు దొరికితే చూడండి. వాక్యం ఎంత చిన్నగా, ఎంత తేటగా ఉంటుందో గమనించండి. ఎర్ర పెన్ను కూడా దగ్గర పెట్టుకోండి, మలుపు దగ్గర ఎవరున్నారో చూడటానికి. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి వెళ్లి పిల్లల పుస్తకాల దగ్గర ఓ పూట కూర్చోండి.

ఆ తర్వాత రాసింది మీ పిల్లలకు కాకుండా పరాయి పిల్లలకు వినిపించండి. మన పిల్లలు మనమీద జాలితో వింటారు. పరాయి పిల్లలు లేచి నీళ్లు తాగడానికి వెళ్లిపోతారు. ఏ వాక్యం దగ్గర లేచారో గుర్తు పెట్టుకోండి. పంపడానికైతే పత్రికల పిల్లల పేజీలున్నాయి. మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి ప్రచురణ సంస్థలున్నాయి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా చదవొచ్చు, మీ కథ మీరే పెట్టొచ్చు కూడా.

దీంతో ఇల్లు గడుస్తుందా?

గడవదు. ఉద్యోగం మానకండి.

మా బడికి వస్తారా?

వస్తాను. గాజువాక అయినా, భీమిలి అయినా, అటు అనకాపల్లి వైపైనా సరే. శాలువా, దండ, జ్ఞాపిక వద్దు. ఆ డబ్బుతో లైబ్రరీకి పుస్తకాలు కొనండి. ప్రభుత్వ బడులకు ఫీజు తీసుకోను. ప్రార్థన అయ్యాక ఎండలో నిలబెట్టి మాట్లాడించొద్దు, ఒక గదిలో నేల మీద కూర్చుందాం. ఒకసారికి రెండు క్లాసుల కంటే ఎక్కువ వద్దు.

ప్రశ్నల విషయంలో ఒక షరతు ఉంది. ముందురోజే టీచరు కాగితం మీద రాసిచ్చి, బాగా చదివే ఇద్దరమ్మాయిలతో బట్టీ పట్టించిన ప్రశ్నలకు నేను జవాబు చెప్పను. "మేడమ్, మీకు స్ఫూర్తి ఎవరు?" అని ఏ పిల్లా తనంతట తాను అడగదు. వాళ్లకు తోచింది అడగనివ్వండి. మీ జీతమెంత అంటారు, జుట్టుకు రంగు వేస్తారా అంటారు, ఆ కథలో కుక్క ఎందుకు చచ్చిపోయిందని తగువు పెట్టుకుంటారు. మీరు వెనక నిలబడి కళ్లెర్రజేయకుండా ఉంటే చాలు.